మునిగిన సినిమా – తేలిన ఓడ

లోకంలో సినిమాలు మూడు రకాలు: చూసి మెచ్చుకునేవి, చూసి తిట్టుకునేవి, చూడకుండానే తిట్టేవి. ఈ మూడో రకం మీద మన విద్యార్థి లోకానికి వున్న ప్రేమ యింతా అంతా కాదు. పైసా ఖర్చు లేదు, రెండు మూడు గంటల కాలం వృథా కాదు. క్యాంటీనులో ఒక కప్పు చాయ్ చల్లారేలోగా తీర్పు చెప్పేసి క్లాసుకు (లేదా క్లాసు ఎగ్గొట్టి మరో చాయ్‌కి) పోవచ్చు. అటువంటి అభాగ్యపు సినిమాలలో ఒకదాని తరఫున వకాల్తా పుచ్చుకుని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఫీజు మాత్రం పుచ్చుకోలేదని పాఠక మిత్రులకు మనవి.

ఆ సినిమా పేరు 'బ్యాటిల్‌షిప్'. 2012లో వచ్చింది. దర్శకుడు పీటర్ బెర్గ్. వేరే గ్రహంవాళ్ళు మన భూమిమీదికి దండెత్తి వస్తే, హవాయి దీవుల దగ్గర నౌకాదళం వాళ్ళను ఎదుర్కోవడం కథ. దీని పుట్టుకే ఒక నవ్వులాట. నవలల నుంచి సినిమాలు తీస్తారు, నాటకాల నుంచి తీస్తారు, పురాణాల నుంచి మనవాళ్ళు తీసినన్ని యింకెవరూ తీసి వుండరు. ఇది మాత్రం పిల్లల ఆట నుంచి తీసిన సినిమా! కాగితం మీద గళ్ళు గీసుకుని, అందులో మన ఓడలను దాచుకుని, ఎదుటివాడి ఓడ ఏ గడిలో వుందో ఊహించి బాంబు వేసే ఆట. కాగితం, పెన్సిలుతో ఎన్నడో మొదలైన ఆ ఆటను 1967లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీవారు ప్లాస్టిక్ పలకల మీదికి ఎక్కించారు. మన వెనక బెంచీలవారు దాన్ని యిప్పటికీ కాగితం మీదే ఆడుతున్నారు. అధ్యాపకులు గమనించలేదనుకోవడం వారి భ్రమ.

ఈ ఆట మీద 20 కోట్ల డాలర్లకు పైగా పోసి సినిమా తీశారు. లోకమంతా కలిపి వచ్చింది సుమారు 30 కోట్లు. లాభమే కదా అనకండి. థియేటర్లవారి వాటా, ప్రచారం ఖర్చు తీసేస్తే మిగిలేది నష్టమే. అదే వేసవిలో వచ్చిన 'ది అవెంజర్స్' ప్రభంజనంలో ఈ ఓడ మునిగిపోయింది. పైగా, ఇందులో నావికురాలి వేషం కట్టిన గాయని రిహానాకు ఆ యేటి చెత్త సహాయనటి అని 'రాజీ' బహుమతి కూడా యిచ్చి సత్కరించారు. ఇంతటి కీర్తి గడించిన సినిమా మీద ఎవరికైనా ఆశలుంటాయా?

నాకూ లేవు. అయినా చూడవలసి వచ్చిన కారణం యిది. మేము నలుగురం తూర్పు మారేడ్‌పల్లిలో గది తీసుకుని వుంటున్నాం. మాది జనగామ దగ్గర పల్లె. మొన్న వానకాలం మా తాత కంటి శుక్లాల ఆపరేషన్‌కి సికింద్రాబాదు వచ్చి నాలుగు రోజులు మా గదిలోనే వున్నాడు. పూటపూటకూ కంట్లో చుక్కల మందు వేయడం నా ఉద్యోగం. బయట ఒకటే వాన. దుమ్ము పడకూడదు, నీళ్ళు తగలకూడదు, వంగి బరువులెత్తకూడదు అని డాక్టరుగారి ఆజ్ఞ. పొద్దున లేస్తే పొలం గట్టు మీద వుండే మనిషిని గదిలో కట్టేస్తే ఎట్లా గడుస్తుంది? ఒకప్పుడైతే ఇంగ్లీషు సినిమా అంటే మా గదికి దగ్గర్లోనే సంగీత్ థియేటరుకి పోయేవారట. ఇప్పుడా థియేటరు లేదు, చౌరస్తాకు పేరు మాత్రం మిగిలింది. బస్సు కండక్టరు 'సంగీత్, సంగీత్' అని అరిస్తే దిగేవాళ్ళలో సగంమందికి అది సినిమాహాలు పేరని తెలియదు. కనుక రూమ్మేటు ల్యాప్‌టాపే మాకు సంగీత్ అయింది. వాడి దగ్గర వున్నవాటిలో తాతకు భాష రాకపోయినా బొమ్మ అర్థమయ్యేది ఏదని వెతికితే, ఓడలూ పేలుళ్ళూ వున్న ఈ సినిమా దొరికింది.

తాత నల్లద్దాలు పెట్టుకుని చాప మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఆకాశం నుంచి యంత్రాలు దిగి సముద్రంలో పడగానే మొదటి ప్రశ్న వేశాడు.

"గీళ్ళు ఎందుకొచ్చిండ్రురా?"

"మన భూమిని గుంజుకోనీకి తాతా."

"ఎన్ని ఎకరాలట?"

"మొత్తం భూమి."

"మొత్తమే! మరి పాసుబుక్కులు ఎవని పేరు మీద చేయించుకుంటరట?"

గది గదంతా నవ్వు. కాని ఆలోచిస్తే గ్రహాంతరవాసుల కథలన్నింటికీ మూలం తాత అడిగిన ఆ ప్రశ్నే. 1898లో హెచ్.జి. వెల్స్ 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలలో అంగారకుల్ని ఇంగ్లండు మీదికి దింపినప్పుడు, టాస్మానియా ప్రజలకు తెల్లవాళ్ళు చేసినదాన్ని అందులోనే గుర్తుచేశాడు. పరాయివాడి నేలను ఆక్రమించినవాడికి, ఒకనాడు తన నేల కూడా పోతే ఎలా వుంటుందో చూపించే కథ అది. 'బ్యాటిల్‌షిప్'లో కూడా ఒక శాస్త్రవేత్త కొలంబస్ సంగతి ఎత్తి, ఈసారి రెడ్ ఇండియన్ల స్థానంలో వున్నది మనమే అంటాడు. మన దక్షిణాదివారు ఈ విషయంలోనూ వెనుకబడలేదు సుమండీ! 1963లోనే తమిళ చిత్రం 'కలై అరసి'లో వేరే గ్రహంవాళ్ళు వచ్చి మన భానుమతిగారిని ఎత్తుకుపోయారు. కారణం? వాళ్ళ గ్రహంలో కళలు లేవట, నేర్పించుకోవడానికట! ఎం.జి.ఆర్. వెళ్ళి విడిపించుకొచ్చాడు. భూమి కోసం రాకుండా పాట కోసం వచ్చిన ఆ గ్రహాంతరవాసులు ఎంత రసికులో!

ఇక కథలోకి వస్తే, ఈ సినిమాలో తిట్టవలసినవి లేకపోలేదు. మొదటి ముప్పావుగంట కథానాయకుడి అల్లరి చేష్టలతో సరిపోతుంది. ఒక అమ్మాయి ఆకలి తీర్చడానికి మూసిన దుకాణం కప్పు పగలగొట్టి తినుబండారం దొంగిలించిన ఘనుడు, కొంతకాలానికి యుద్ధనౌకలో అధికారి అయిపోతాడు. మన దగ్గర అలాంటివాడు హీరోయే అవుతాడు గాని అధికారి కాడు! మనుషులే అంతరిక్షంలోకి సంకేతాలు పంపి వాళ్ళను పిలిచారు, వచ్చినవాళ్ళ నౌకల్లో ఒకటి దారిలో ఉపగ్రహానికి గుద్దుకుని హాంగ్‌కాంగ్‌లో కూలింది, తమ లోకంతో మాట్లాడే సాధనం అందులోనే పోయింది, కనుక హవాయి కొండ మీది మన యాంటెన్నాలే వాళ్ళకు దిక్కు. ఇక్కడిదాకా ఓర్చుకున్నవాడికి అసలు సినిమా మొదలవుతుంది.

నన్ను కట్టిపడేసిన మొదటి ఘట్టం ఒక లెక్క. చీకటి పడింది. రాడార్‌కు శత్రువు కనబడడం లేదు. అప్పుడు జపాను నౌకాధికారి నగాటా (తదనోబు అసానో బాగా నటించాడు) ఒక ఉపాయం చెబుతాడు. సముద్రంలో సునామీని కనిపెట్టడానికి వదిలిన బోయాలు, అంటే తేలే యంత్రాలు వున్నాయి కదా. శత్రువు కనబడకపోయినా, వాడు కదిలితే నీళ్ళు జరుగుతాయి. నీళ్ళు జరిగితే బోయాలకు తెలుస్తుంది. తెర మీద గళ్ళు వెలుగుతాయి, ఒక్కో గడి పేరు చెప్పి క్షిపణులు వదులుతారు. పిల్లల ఆట అంతా వచ్చి ఆ గదిలో కూర్చుంది. పేలుళ్ళ సినిమాలో పావుగంట సేపు పేలుళ్ళకన్నా నిశ్శబ్దం ఎక్కువ వుండడం చూసి నేను ముందుకు జరిగి కూర్చున్నాను.

భౌతికశాస్త్రం చదివేవాణ్ణి కనుక ఆ రాత్రి నిద్రపట్టక కాగితం తీశాను. ఆర్కిమిడీస్ చెప్పిన ప్రకారం తేలే ఓడ తన బరువుకు సరిపడా నీళ్ళను పక్కకు తోస్తుంది. అంటే కదలకుండా నిలిచిన ఓడ కింద సముద్రపు అడుగున వుండే ఒత్తిడి, ఓడ లేనిచోట వుండే ఒత్తిడి ఒక్కటే. అడుగున కూర్చున్నవాడికి నెత్తిన ఓడ వుందో, వట్టి నీళ్ళే వున్నాయో తెలియదు! కాని ఓడ కదిలిందా, దాని కిందినుంచి నీళ్ళు వేగంగా పారతాయి, బెర్నూలీ సూత్రం ప్రకారం ఒత్తిడి తగ్గుతుంది. ఇది కల్పన కాదు. రెండో ప్రపంచయుద్ధంలో 1944లో జర్మన్లు ఈ ఒత్తిడి తేడానే కనిపెట్టి పేలే మందుపాతరలు వాడారు. అయితే అది లోతు తక్కువ నీళ్ళలోనే పనిచేస్తుంది. నడిసముద్రంలో బోయాలతో ఓడను పట్టడం సినిమావాళ్ళకే చెల్లు. శాస్త్రానికి సగం మార్కులు. ఆలోచనకు మాత్రం నూటికి నూరు.

ఈ సునామీ బోయాల లెక్కలు చూసే కేంద్రం ఎక్కడుందో మనలో ఎంతమందికి తెలుసు? సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో వున్న మన హైదరాబాదులోనే! 2004 డిసెంబరు 26 సునామీ తరువాత, ప్రగతినగర్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రంలో (ఇన్‌కాయిస్) సునామీ హెచ్చరిక కేంద్రం నెలకొల్పారు. 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. సముద్రం అడుగున ఒత్తిడి కొలిచే యంత్రం వుంటుంది. అది శబ్దతరంగాలతో పైనున్న బోయాకు చెబుతుంది, బోయా ఉపగ్రహానికి చెబుతుంది, ఉపగ్రహం నేలకు చెబుతుంది. కిలోమీటర్ల లోతు నీళ్ళ మీద సెంటీమీటరు తేడాను పట్టగల సాధనం అది. మన బస్సులు తిరిగే వూళ్ళో కూర్చుని ఎవరో బంగాళాఖాతం నాడి చూస్తున్నారన్నమాట.

ఈ బోయాల ముచ్చట తాతకు వివరించబోయాను. ఆయన నాకంటే ముందే పట్టేశాడు. "గిది బాయి మెట్ల లెక్కనే గదా" అన్నాడు. మా రాతికట్టు బాయిలో తాత మోట కొట్టిన రోజుల నుంచి ఉగాదికి ఎన్ని మెట్లు బయటపడ్డాయో చూసి ఆ యేడు ఏం వేయాలో చెప్పేవాడు. ఎన్ని మెట్లు తేలితే వరి, ఎన్ని తేలితే మక్కలు, ఎన్ని తేలితే భూమి పడావు అన్నది ఆయన లెక్క. భూమి లోపల ఏమున్నదో కనబడదు. నీళ్ళను అడిగితే చెబుతాయి. భూగర్భజల శాఖవారు పరిశీలక బావులలో నెలనెలా నీటిమట్టం కొలిచి చేసేదీ అదే. కాకపోతే వాళ్ళకు మీటర్లు, తాతకు మెట్లు.

ఇప్పుడా బాయి దగ్గరికి ఎవరూ పోరు. బోర్లు వచ్చాయి. బాయి పూడ్చి చదును చేస్తే నాలుగు గుంటలు కలిసొస్తుందని నాయిన అంటాడు. తాత ఏమీ అనడు. అడిగితే కదా అనేది!

ఇక రెండో ఘట్టం. దీని కోసమే నేనీ వ్యాసం రాస్తున్నాను. కొత్త నౌకలన్నీ పోయాయి. చివరి డిస్ట్రాయర్ కూడా మునిగిపోయింది. మిగిలినవాళ్ళు పెరల్ హార్బర్ ఒడ్డుకు చేరి, అక్కడ ప్రదర్శనశాలగా కట్టేసి వున్న పాత యుద్ధనౌక 'మిస్సోరీ' దగ్గరికి వస్తారు. ఇది కల్పిత నౌక కాదు. 1944లో నౌకాదళంలో చేరింది. 1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో జపాను లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగింది దీని మీదే. 1992లో సెలవిచ్చారు, 1999 నుంచి సందర్శకులు టిక్కెట్టు కొని చూసే వస్తువు అయింది. దీన్ని నడపడం యిప్పటివాళ్ళకు రాదు. యంత్రాలన్నీ పాతవి, ఆవిరితో నడిచేవి. ఏంచేయాలి అని నాయకుడు దిక్కులు చూస్తుంటే, ఓడ అంచు పొడుగునా ఒక్కొక్కరే ముసలి నావికులు వచ్చి నిలబడతారు. తెల్లజుట్టు, ముడతలు, టోపీలు. ఎవరూ ఉపన్యాసం చెప్పరు. మీరు సహాయం చేస్తారా అని కుర్రాడు అడుగుతాడు. అంతే. బాయిలర్లు రాజుకుంటాయి.

అప్పటిదాకా అది ఎవరు, యిది ఎవరు అని అడుగుతున్న తాత ఒక్కసారి నిశ్శబ్దమైపోయాడు. కొంతసేపటికి, "వీళ్ళను అడిగిండ్రు గదరా" అన్నాడు. "గెలిచిండ్రు" అనలేదు. "అడిగిండ్రు" అన్నాడు. ఓడ యింకా రేవు కూడా దాటలేదు అప్పటికి.

నిజానికి ఆ ఘట్టంలో లెక్కలు ఏమాత్రం కుదరవు. ఏళ్ళ తరబడి చల్లారిన బాయిలర్లు ఒక్క పూటలో ఆవిరి పుట్టించవు. ప్రదర్శనశాలలో ఫిరంగి మందు వుంచరు. మిస్సోరీ ఫిరంగుల నోరు 16 అంగుళాలు. ఒక్కో గుండు బరువు రకాన్నిబట్టి సుమారు 860 నుంచి 1,220 కిలోల దాకా వుంటుంది. సినిమాలో నావికులు కొందరు అలాంటి గుండును చేతులమీద మోసుకుపోతారు. 1,200 కిలోలంటే 40 కిలోల వడ్ల బస్తాలు ముప్ఫై! ఐకేపీ కేంద్రం దగ్గర హమాలీలు ఒక్క బస్తా ఎత్తడానికి ఎంత పడతారో చూసినవాణ్ణి నేను. లంగరు వేసి, అంత పెద్ద ఓడను గిర్రున తిప్పడం సంగతి యిక చెప్పనక్కరలేదు. అయినా సరే, ఆ ఓడ తిరుగుతుంటే మా గదిలో నలుగురూ లేచి నిలబడ్డారు. తాత కూడా లేవబోతే నేనే ఆపాను, కుదుపు పనికిరాదని.

సైనికులు రిటైరయితే ఏమవుతారు అన్నది మారేడ్‌పల్లిలో వుండేవారికి కొత్త ప్రశ్న కాదు. 1806లో ఏర్పడిన కంటోన్మెంటు పక్కనే కదా మన నివాసం. పడమర మారేడ్‌పల్లి నెహ్రూనగర్ పార్కులో తెల్లవారుజామున నడుస్తుంటే, వీపు నిటారుగా, అడుగు లెక్కగా వేసే పెద్దలు ఎదురవుతారు. ఇంటి గేటుకు పేరు, పేరు పక్కన 'రిటైర్డ్' అన్న మాట. మనం వాళ్ళను తప్పించుకుని పరుగెడతాం. ఏ చలిలో ఏ కొండ మీద నిలబడ్డారో, ఏ యంత్రం విప్పి బిగించారో ఎవరం అడిగాం?

ఎన్సీసీ మిత్రులతో విశాఖ వెళ్ళినప్పుడు బీచిరోడ్డులో 'కుర్సురా' జలాంతర్గామి ఎక్కాను. 1969లో మన నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో సెలవు తీసుకుని, మరుసటి యేడు ప్రదర్శనశాల అయింది. మన మిస్సోరీ అనుకోండి. అక్కడ చూపించి చెప్పేవారు కూడా నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారే. మాకు చూపించిన పెద్దాయన ఒక చక్రం మీద చేయి వేసి చెబుతున్నప్పుడు, చెయ్యి దానంతట అదే సగం చుట్టు తిప్పేసింది. మేము ఫోటోల హడావిడిలో వున్నాం. ఆ చెయ్యి నాకు 'బ్యాటిల్‌షిప్' చూస్తున్నప్పుడు గుర్తొచ్చింది.

మరో సంగతి. ఇందులో రెండు కాళ్ళూ పోయిన సైనికుడి పాత్ర ఒకటి వుంది. యుద్ధం తరువాత తాను ఎందుకూ పనికిరానని మూసుకుపోయిన మనిషి, కొండ మీద గ్రహాంతరవాసితో చేతులతో తలపడతాడు. ఆ పాత్ర వేసినవాడు నటుడు కాడు. గ్రెగరీ గాడ్సన్ అనే నిజమైన సైనికాధికారి. 2007లో ఇరాక్‌లో బాంబు పేలి రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. అతను కృత్రిమ కాళ్ళతో కొండ ఎక్కుతున్నప్పుడు ఏ గ్రాఫిక్సూ అక్కరలేదు. ఈ సినిమాకు బహుమతులిచ్చి వెక్కిరించినవారు ఈ మనిషిని ఎలా మరిచిపోయారో!

పెరల్ హార్బర్ మీద జపాను బాంబులు వేసింది 1941 డిసెంబరు 7న. అదే రేవు నుంచి, జపాను తలవంచిన అదే ఓడ మీద, జపాను అధికారి అమెరికావాడి పక్కన నిలబడి పోరాడడం ఈ సినిమాలో చూస్తాం. దర్శకుడు దీన్ని డప్పు కొట్టి చెప్పలేదు. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడికి ఓడ కనబడుతుంది. ఇంకొక చిన్న ముచ్చట. వచ్చిన గ్రహాంతరవాసుల యంత్రాలు ప్రతిదాన్నీ పచ్చగానో ఎర్రగానో చూస్తాయి, ప్రమాదమనిపిస్తేనే ఎరుపు. మైదానంలో నిలబడ్డ పిల్లవాణ్ణి చూసి, పచ్చరంగు వెలిగి, వదిలేసి పోతుంది. చెత్త సినిమా అని పేరుపడ్డదాంట్లో శత్రువుకు కూడా ఇంత విచక్షణ వుంది. మరి మనం సినిమాలను చూసే కళ్ళలో పచ్చరంగు ఎప్పుడైనా వెలుగుతుందా?

తాత వూరికి పోయాక నేను దసరా సెలవులకు వెళ్ళాను. నోటుపుస్తకం పట్టుకుని బాయి గట్టు మీద కూర్చుని, ఏ యేడు ఎన్ని మెట్లు తేలాయో అడుగుతూ పోయాను. 1972 కరువు నాటి సంగతి కూడా చెప్పాడు. అడుగున బురద తప్ప ఏమీ లేదట. కొన్ని యేండ్లు గుర్తులేవన్నాడు. గుర్తులేని చోట గడి ఖాళీ పెట్టాను. మా అధ్యాపకులకు ఆ పట్టిక చూపిస్తే, దగ్గర్లోని వర్షపాతం లెక్కలతో పోల్చి చూడమన్నారు. చూస్తున్నాను. బాయి పూడ్చాలా వద్దా అన్నది యింకా తేలలేదు. అయితే ఆ రాత్రి నాయిన ఆ మాట ఎత్తినప్పుడు, మొదటిసారి తాత వైపు తిరిగి "ఏమంటవ్ మరి?" అన్నాడు. తాత చాలాసేపు మాట్లాడాడు. ఇద్దరూ ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

మిత్రులారా! 'బ్యాటిల్‌షిప్' గొప్ప చిత్రరాజమని నేను అనడం లేదు. మొదటి ముప్పావుగంట ఓపిక పట్టండి. కావాలంటే ఆ సమయంలో రికార్డు రాసుకోండి. తరువాత బోయాల గళ్ళు చూడండి, ముసలి నావికులు వచ్చి నిలబడడం చూడండి. వీలైతే పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టుకుని చూడండి. అప్పుడు కూడా నచ్చకపోతే నిరభ్యంతరంగా తిట్టండి. చూసి తిట్టడం కూడా ఒక గౌరవమే.